కొత్త ఎక్స్‌పాన్షన్‌పై తొలి అభిప్రాయం ఎలా రాయాలి

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటకు కొత్త ఎక్స్‌పాన్షన్ (ఉన్న ఆటకే కొత్త భూమి, కథ కలిపే పెద్ద విడత) వచ్చిన రోజున "ఎలా ఉంది, కొనవచ్చా?" అని అడిగే మిత్రులు అందరికీ ఉంటారు. సాయంత్రానికల్లా వారికి జవాబు చెప్పేస్తాం, నెల తిరిగేసరికి అందులో సగం మార్చుకుంటాం. తొలి అభిప్రాయాన్ని తీర్పులా చెప్పడం వల్లనే ఈ ఇబ్బంది వస్తుంది. అది మొదటి కొన్ని గంటలు చూసినవాడు చెప్పే సాక్ష్యం. సాక్షి అన్నవాడు తాను ఎక్కడ నిలబడి చూశాడో ముందుగా చెప్పాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే అలాంటి ఆటకు 2024 ఆగస్టు 26న విడుదలైన ‘ది వార్ వితిన్’ను కర్నూలులో, నంద్యాల చెక్‌పోస్టు దగ్గరి అద్దె గదిలో ఆడిన అనుభవాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని వివరిస్తాను.

ముందుగా వేళ సంగతి. అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 3 గంటలకు తెరిచిన ఆట మనకు 27వ తేదీ తెల్లవారుజామున 3.30కు అందింది. ఆ వేళకు అలారం పెట్టుకుని లేవడంలో ఒక సరదా ఉంది, కాదనను. కానీ ఆ గంటలో లక్షల మంది ఒకేచోట మూగుతారు కనుక అప్పుడు కనిపించేది జాతర, ఆట తీరు కాదు. వీధి చివర ఉగ్గాని బండి పెట్టే వేళ దాకా నిద్రపోయి, తిన్న తరువాత మొదలుపెట్టడమే మంచిది. ఖరీదైన ఎడిషన్ కొన్నవారు అసలు విడుదలకు కొన్ని రోజుల ముందే లోపలికి వెళ్లారు కాబట్టి, విడుదల రోజున మీకు కనిపించే పొగడ్తల్లో చాలా భాగం అందరికంటే ఎక్కువ డబ్బు పెట్టినవారివని కూడా గుర్తుంచుకోండి.

ఆటకు వంద జీబీకి పైగా ఖాళీ స్థలం కావాలి. ఫైళ్లన్నీ దిగకముందే ఆట మొదలుపెట్టే వీలుంది గాని, మిగతావి వెనుక దిగుతూ ఉండగా ఆడితే కొండలు ఆలస్యంగా కనబడతాయి, మనుషులు ముక్కలుముక్కలుగా ప్రత్యక్షమవుతారు, ఆ తప్పును మీరు ఆట తయారుచేసినవారి ఖాతాలో వేస్తారు. ముందు రాత్రే మొత్తం దింపుకోండి.

మన ప్రాంతంలో దీనికంటే ముఖ్యమైనది కనెక్షన్. ఈ ఆటకు భారతదేశంలో సర్వర్లు లేవు. గేమ్ మెనూ గుర్తుపై మౌస్ ఉంచితే ‘హోమ్’, ‘వరల్డ్’ అని రెండు సంఖ్యలు మిల్లీసెకన్లలో కనిపిస్తాయి. మొదటిది మాటామంతీ, వేలంపాటల వంటి పనులకు సంబంధించినది. పోరాటానికి సంబంధించినది రెండవది. పోరాటం మందకొడిగా ఉందని రాయదలచినవారు ఆ వాక్యం పక్కనే తమ ‘వరల్డ్’ సంఖ్యను రాయాలి. లేకపోతే సముద్రాల అవతలి దూరాన్ని ఆటకు లోపంగా అంటగట్టినట్లవుతుంది. నా విషయమే తీసుకుంటే, మొదటి రోజు ఒక డెల్వ్ (ఒంటరిగా కూడా ఆడగలిగే చిన్న సాహస ఘట్టం) చివరి శత్రువు ఎదుట నిలబడి ఉండగా కరెంటు పోయింది, ఇన్వర్టర్‌కు కంప్యూటర్‌ను కలిపాను గాని రౌటర్‌ను కలపడం మరచిపోయాను. ఆ కోపంలో డెల్వ్‌ల గురించి రాసుకున్న నాలుగు పంక్తులను మరునాడు కొట్టివేయవలసి వచ్చింది.

తరువాత యాడ్‌ఆన్లను, అంటే ఆటకు బయటివారు చేసిన అదనపు ఉపకరణాలను, ఆపివేయండి. కొత్త ప్యాచ్‌తో (ఆటకు వచ్చే సవరణతో) పాత యాడ్‌ఆన్లు కాలం చెల్లినవిగా కనిపిస్తాయి, వాటిని బలవంతంగా నడిపించే అవకాశం కూడా అప్పట్లో ఆటలో ఉండేది. కానీ అప్పుడు వచ్చే పొరపాట్లు ఎవరివో తేల్చడం కష్టం. బాణపు గుర్తు చూపిన చోటికి పరుగెత్తడం అలవాటైనవారికి యాడ్‌ఆన్లు లేని మొదటి గంట చిరాకుగానే ఉంటుంది, కాని క్వెస్టు (ఆటలో అప్పగించే పని) పాఠం చదివేది ఆ గంటలోనే.

డబ్బు పెట్టి కొన్నదేదో, ఉచితంగా వచ్చినదేదో వేరు చేయడం తరువాతి పని. ఖాతాలోని పాత్రలన్నిటినీ ఒక కుటుంబంగా కలిపిన వార్‌బ్యాండ్లు, ఎక్కువ వాహనాలకు విస్తరించిన స్కైరైడింగ్ (వేగంగా ఎగిరే పద్ధతి) జూలై 23న వచ్చిన ముందస్తు ప్యాచ్‌తోనే అందరికీ అందాయి. చాలామంది వాటిని ఎక్స్‌పాన్షన్ గొప్పతనంగా రాశారు. కొనని మిత్రుడికి కూడా అవి దక్కుతాయి కనుక ‘కొనవచ్చా’ అనే ప్రశ్నకు అవి జవాబు కావు. అప్పుడు డబ్బుకు దక్కినవి ఖాజ్ ఆల్గార్ అనే కొత్త భూమి, 70 నుంచి 80కి పెరిగిన లెవెల్ పరిమితి, 71వ లెవెల్ నుంచి తెరుచుకునే హీరో టాలెంట్లు అనే కొత్త శక్తులు, డెల్వ్‌లు. వీటి గురించే రాయండి.

భూమిని ఎలా చూడాలన్న దగ్గర నేను కొంచెం మొండివాడిని. మొదటి గంట నుంచే ఎగరవచ్చు, ఎగరకండి. ప్రతి ప్రాంతంలోనూ కనీసం మొదటి ఊరి నుంచి రెండవ ఊరికి నడిచి వెళ్లండి. నాలుగు ప్రాంతాల్లో ఐల్ ఆఫ్ డోర్న్ ఒక్కటే ఆకాశం కింద ఉంటుంది, మిగిలిన మూడూ నేల లోపల ఉంటాయి. గుహ ఎలా ఉండాలో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. బేలం గుహలు మన ఉమ్మడి జిల్లాలోవే, ఇప్పుడు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. 3,229 మీటర్ల ఆ గుహల్లో సందర్శకులకు తెరిచినది ఒకటిన్నర కిలోమీటరే అయినా, తల వంచి నడవవలసిన చోట్లు, ఒంటికి పట్టే ఉక్కపోత, పాతాళగంగ దగ్గరి నీటి చప్పుడు మనసులో ఉండిపోతాయి. ఆ కొలతతో చూస్తే నేల లోపలి ప్రాంతాల్లో ఒకటైన హాలోఫాల్ గుహే కాదు. అక్కడ సముద్రం ఉంది, పైకప్పుకు బెలెడార్ అనే పెద్ద స్ఫటికం సూర్యుడిలా వేలాడుతుంది, అది కొంతసేపు వెలుగునిచ్చి తరువాత ఊదా రంగు నీడలోకి మారుతుంది. ఆ మార్పు కళ్లారా చూడకుండా హాలోఫాల్ గురించి రాయకూడదని నా అభిప్రాయం. అవసరమైతే కూర్చుని ఎదురుచూడండి. నేల లోపలిదే మరో ప్రాంతమైన ఆజ్-కహెత్‌లో సాలెపురుగులను చూసి జడిసేవారికి, వాటిని ఎండ్రకాయలుగా మార్చి చూపే సౌకర్యం సెట్టింగులలో ఉన్నదని పాఠకులకు తప్పక చెప్పండి, సాలీడు మనుషులైన నెరూబియన్లు మాత్రం అలాగే ఉంటారు.

ఆడే పాత్ర పాతదై ఉండాలి. కొత్త క్లాస్‌తో (యోధుడు, మాంత్రికుడు వంటి పాత్ర రకంతో) కొత్త భూమిలోకి దిగితే, తెలియనితనం ఏది, ఆట మార్పు ఏది అన్నది కలగలిసిపోతుంది. 71, 75, 80 లెవెళ్ల దగ్గర ఆగి రెండేసి పంక్తులు రాసుకోండి, అంతకుమించి అవసరం లేదు.

రాయకూడనివి కూడా ఉన్నాయి. మొదటి రెయిడ్ (పెద్ద జట్టుగా కలిసి చేసే పోరాటం) అయిన నెరూబ్-ఆర్ ప్యాలెస్ సెప్టెంబరు 10న తెరుచుకుంది. అంటే విడుదలైన మొదటి రెండు వారాల్లో రెయిడ్ల గురించి, క్లాసుల సమతూకం గురించి రాసిన ప్రతి మాటా ఊహే. డెల్వ్‌లు ఒకరి నుంచి ఐదుగురి వరకు ఆడగలిగినవి, కంప్యూటర్ నడిపించే పాత్ర బ్రాన్ బ్రాంజ్‌బియర్డ్ తోడుగా వస్తాడు. షిఫ్టు డ్యూటీల మధ్య ఒంటరిగా ఆడేవారికి ఇదే పెద్ద ఆకర్షణ అని మొదటి వారంలోనే ధైర్యంగా చెప్పవచ్చు. అయితే వాటిలో 11 అంచెలున్నాయి. మీరు ఏ అంచె వరకు వెళ్లారో చెప్పకుండా ‘సులువు’ అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. కథ ముగింపు లేదని ఫిర్యాదు చేయడం కూడా తొందరపాటే. 2023 నవంబరులో ప్రకటించినప్పుడే ఇది మూడు ఎక్స్‌పాన్షన్ల కథలో మొదటిదని, తరువాత ‘మిడ్‌నైట్’, ‘ది లాస్ట్ టైటన్’ వస్తాయని చెప్పారు. దలరాన్ నగరంలో జరిగే తొలి ఘట్టం గురించి మాత్రం నేను ఇక్కడ కూడా చెప్పను, మీరూ చెప్పకండి.

రాసినదానికి తేదీ, లెవెల్, సర్వర్ ప్రాంతం పైన వేసి అలాగే ఉంచండి. అభిప్రాయం మారితే పాతది దిద్దకుండా కింద కొత్త తేదీతో చేర్చండి. నా నోటుపుస్తకంలో రింగింగ్ డీప్స్ అనే నేల లోపలి ప్రాంతం పేరు కింద మొదటి తేదీతో ‘చీకటి, విసుగు’ అని ఉంది. ఆ రోజు ఫ్యాను రొదలో ల్యాప్‌టాప్ స్పీకర్లతో ఆడాను. తరువాతి ఆదివారం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కొవ్వొత్తులు మోసే కోబోల్డుల (ఎలుకల్లాంటి చిన్న జీవుల) వెంట అదే దారిలో మళ్లీ నడిచాను. ఆ తేదీ కింద ‘బేలంలో సప్తస్వరాల గుహ దగ్గర రాయి తట్టినప్పటి చప్పుడు’ అని ఉంది.