ఎక్కువ సైటేషన్లున్న పేపరే గొప్పదా? ఒక లైబ్రేరియన్ పద్ధతి

నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను, న్యూరోసైన్స్ (మెదడు, నాడుల శాస్త్రం) చదువుకోలేదు. అయినా ఆ సబ్జెక్టు పీహెచ్‌డీ పిల్లలు "మేడమ్, మా టాపిక్‌లో ముఖ్యమైన పేపర్లేవో చూసిపెట్టరా" అని నా టేబుల్ దగ్గరికి వస్తుంటారు. మొదట్లో ఒక అమ్మాయికి, బ్రెయిన్ స్కానింగ్ పేపర్లలో ఎక్కువగా సైట్ అయినవాటిని, అంటే వేరే పేపర్లు ఎక్కువసార్లు ప్రస్తావించినవాటిని, సంఖ్య ప్రకారం పేర్చి ప్రింటు తీసిచ్చాను. పైవరసలో ఓల్డ్‌ఫీల్డ్ 1971 అని ఉంది, అంటే ఓల్డ్‌ఫీల్డ్ అనే ఆయన 1971లో వేసిన పేపరు. వాళ్ల గైడ్ చూసి నవ్వారట.

తీరా తెరిచి చూస్తే అదొక ప్రశ్నావళి. ఏ చేత్తో రాస్తారు, ఏ చేత్తో పళ్లు తోముకుంటారు, అగ్గిపుల్ల ఏ చేత్తో గీస్తారు, చీపురు పట్టుకుంటే ఏ చెయ్యి పైన ఉంటుంది. స్కానింగ్‌కి వచ్చినవాళ్లది కుడిచేతివాటమో ఎడమచేతివాటమో తేల్చడానికి దాన్ని వాడతారు, వాడాం కాబట్టి సైట్ చేస్తారు. పనికొచ్చే పరికరమే, కాదనను. కానీ ఆ అమ్మాయి అడిగింది పరికరం గురించి కాదు.

అదే 1971లో జాన్ ఓకీఫ్, జొనాథన్ దొస్త్రోవ్‌స్కీ ఐదు పేజీల పేపరు వేశారు. ఎలుక ఫలానా చోటికి వచ్చినప్పుడే దాని మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో కొన్ని కణాలు చురుగ్గా స్పందిస్తున్నాయని అందులో రాశారు. అక్కడ మొదలైన పనికే ఓకీఫ్‌కి 2014లో నోబెల్ వచ్చింది. ఈ రెండు పేపర్లనీ విడదీయగలిగితే మీకు పద్ధతి పట్టుబడినట్టే.

ముందు ప్రశ్నని కుదించండి. "జ్ఞాపకశక్తి" అని వెతికితే ఈదలేరు. "తానెక్కడుందో ఎలుక మెదడుకి ఎలా తెలుస్తుంది" అన్నంత చిన్నదైతే చాలు. దాని మీద గత నాలుగైదేళ్లలో వచ్చిన పేపర్లు ఓ ఇరవై ఏరండి. అన్నీ ఒకే ల్యాబువి కాకూడదు. కాకిపిల్ల కాకికి ముద్దు, ఎవరి పాత పేపర్లు వాళ్లు సైట్ చేసుకుంటారు.

ఆ ఇరవై రెఫరెన్సు లిస్టులనీ ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టండి. ఏ పేపరు ఎన్ని లిస్టుల్లో ఉందో, ఏ రెండు జంటగా కనిపిస్తున్నాయో గీతలు గీసి లెక్కపెట్టండి. జంటల లెక్కని కో-సైటేషన్ అంటారు, 1973లో హెన్రీ స్మాల్ చెప్పిన పద్ధతి. ఓకీఫ్ 1971 పక్కనే, గ్రిడ్ సెల్స్ (తానెక్కడుందో గుర్తించడానికి తోడ్పడే మరో రకం మెదడు కణాలు) గురించి మోజర్ దంపతుల ల్యాబు నుంచి 2005లో నేచర్‌లో వచ్చిన పేపరు మళ్లీ మళ్లీ కనిపిస్తే, ఆ రెండూ ఒకే ఆలోచనకు చెందినవని న్యూరోసైన్స్ రాని నాకూ అర్థమవుతుంది. లిస్టులు వందలు దాటితే లైడెన్ యూనివర్సిటీ వాళ్ల వీఓఎస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా పటం గీసిపెడుతుంది. ఇరవైకి మాత్రం చేత్తో చేయడమే నయం. ఆ పేర్లు కంటికి అలవాటవుతాయి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఎక్కువ లిస్టుల్లో కనిపించి జల్లెడలో మిగిలిన పది పదిహేను పేపర్లలో ఒక్కోదాన్నీ సైట్ చేసిన వాక్యాలు చదవండి. గూగుల్ స్కాలర్‌లో "సైటెడ్ బై" నొక్కితే, ఆ పేపర్లలోనే మళ్లీ వెతుక్కునే వీలుంది. ప్రయోగపద్ధతి వివరించే భాగంలో వస్తే ఆకుపచ్చ రంగు వేస్తాను, అది పరికరం. మొదటి పేరాలో ఏడెనిమిది పేర్ల మధ్య నలిగిపోయి ఉంటే పసుపు, అది మర్యాదకి చేసిన సైటేషన్. చర్చలో దానితో వాదించినా, దాని మీద కట్టినా ఎరుపు. ఎరుపు ఎక్కువున్నవే నేను పిల్లలకిస్తాను. ఓల్డ్‌ఫీల్డ్‌కి దాదాపు అంతా ఆకుపచ్చే.

కొత్త పేపర్లకి ఇది అన్యాయం చేస్తుంది, సైటేషన్లు పోగవడానికి టైమ్ పడుతుంది కదా. వాటికి అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వాళ్ల ఐసైట్ అనే వెబ్‌సైట్ చూడండి. అదే రంగంలో, అదే ఏడాది ఎన్ఐహెచ్ నిధులతో వచ్చిన మధ్యస్థాయి పేపరుకి 1 అనుకుని, మీ పేపరు ఎంతో చెబుతుంది.

ఇంకొక్కటి. 2006లో నేచర్‌లో వచ్చిన ఒక అల్జీమర్స్ పేపరుని వేలమంది సైట్ చేశారు. బొమ్మలు మార్చారన్న ఆరోపణల తర్వాత 2024లో దాన్ని ఉపసంహరించారు. ఆ పాత సైటేషన్లు మాత్రం అలాగే ఉన్నాయి. అందుకే లిస్టు ప్రింటు తీసే రోజు పొద్దున, ఒక్కో పేపరునీ పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల డేటాబేసులో మళ్లీ తెరిచి పైన "రిట్రాక్టెడ్" (ఉపసంహరించారు) అని ఉందేమో చూసుకుంటాను.