సిరిమానోత్సవం హోర్డింగులు: పంపకం ఎలా సరిచేశాను

విజయనగరంలో సిరిమానోత్సవం ముందు హోర్డింగులకు గిరాకీ విపరీతం. ఇళ్ల యజమానుల దగ్గర 12 బోర్డులు తీసుకుని 14 షాపులకు పంచే పని నాది. ఎవరు ఎక్కువ అంటే వాళ్లకే ముందు ఇచ్చేవాణ్ణి. అక్కడే నష్టపోయాను.

చీరల షాపు మూడు లాంతర్ల దగ్గర బోర్డుకు 40 వేలు, మయూరి జంక్షన్‌ బోర్డుకు 38 వేలు అంది. నగల షాపు వరుసగా 39, 20 వేలు అంది. పాత పద్ధతిలో 40, 20 కలిపి 60 వేలు. తారుమారు చేస్తే 77 వేలు! రెండు షాపులకే ఇంత తేడా ఉంటే పద్నాలుగు షాపులకు చేత్తో లెక్క తేలదు. ఇలా మొత్తం ఎక్కువ వచ్చేలా జతలు కుదర్చడానికి 1955లో గణితవేత్త హెరాల్డ్ కూన్ ప్రచురించిన హంగేరియన్ పద్ధతి ఉంది. నేను మాత్రం ఎక్సెల్‌లోని సాల్వర్ అనే, ఇలాంటి లెక్కలు తేల్చే సాధనం వాడాను. ఒక్కో బోర్డు, షాపు జంటకు ఒక గడి: 1 వస్తే ఆ బోర్డు ఆ షాపుకు ఇచ్చినట్టు, 0 వస్తే లేనట్టు. సాల్వర్ పరిమితి 200 గడులు, నాకు కావలసినవి 12×14, అంటే 168. బోర్డుకు ఒక్క షాపు, షాపుకు ఒక్క బోర్డు మించకూడదని షరతులు పెట్టి, మొత్తం గరిష్ఠం చేయమన్నాను.

బాగానే వచ్చింది. కానీ ఒకరికొకరు పోటీ అయిన రెండు షాపుల బోర్డులు ఎదురెదురుగా పడ్డాయి. "మా ఎదురుగా వాళ్ల బోర్డా, అదేంటండీ?" అని అందులో ఒక షాపు ఓనరుగారు బాధపడ్డారు, న్యాయమే. ఆ రెండు షాపులూ ఎదురెదురు బోర్డుల్లో పడకూడదని షరతు కలపగానే గడుల్లో 0.5లు వచ్చాయి. సగం బోర్డు ఎవరికివ్వను? రెండు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి గడులన్నిటికీ ‘బైనరీ’ షరతు పెడితే 0, 1 మాత్రమే మిగిలాయి.