రివర్స్ వేస్తే చాలు ఒకటే బీప్... నా ఈవీ పార్కింగ్ సెన్సార్ కథ

మొన్న వానల్లో మూసాపేట దగ్గర నీళ్లలోంచి కారు తీసుకొచ్చా, మర్నాటి నుంచి రివర్స్ వేస్తే వెనకాల ఏమీ లేకపోయినా ఒకటే బీప్, ఇంకోసారేమో స్క్రీన్ మీద సెన్సార్ ఎర్రర్ అని వచ్చి మొత్తం సైలెంట్. సర్వీస్ సెంటర్‌లో అడిగితే వెనక బంపర్‌లోని నాలుగు సెన్సార్లూ మార్చేయాలన్నారు, కనీసం వంగి చూడకుండానే!

తడిబట్టతో తుడిస్తే బురద పోయింది గానీ బీప్ పోలేదు. సరే అని మా తమ్ముణ్ణి కార్లో కూర్చోబెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయించి, బ్రేక్ తొక్కి రివర్స్‌లో ఉంచమని, నేను పక్కగా నిలబడి ఒక్కో సెన్సార్ మీద వేలు పెట్టా. ఇవి అల్ట్రాసోనిక్, అంటే 40 కిలోహెర్ట్జ్, ఆపైన ఉండే శబ్దంతో పనిచేస్తాయి, మన చెవికి 20 దాటితే వినపడదు, కానీ పల్స్ వదిలినప్పుడల్లా సన్నగా టిక్ టిక్ మని తెలుస్తది. ఈవీకి ఇంజిన్ మోత లేదు కాబట్టి ఇంకా ఈజీ. మూడిట్లో టిక్ ఉంది, ఎడమ చివరిది ఉలుకూ పలుకూ లేదు.

దొరికింది దొంగ అనుకున్నా, కానీ కొనేముందు కారు ఆఫ్ చేసి దాన్ని పక్కదాంతో మార్చి పెట్టా. చూస్తే అది కొత్త చోట టిక్‌మంటోంది, బాగున్నది ఎడమ చివర మూగబోయింది. అంటే సెన్సార్ కాదు, వైరు! కనెక్టర్ ఊడదీస్తే పిన్నుకి పచ్చగా చిలుము. రాణిగంజ్‌లో కాంటాక్ట్ క్లీనర్, తడి చేరకుండా కాపాడే డైఎలక్ట్రిక్ గ్రీజు తెచ్చి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక గ్రీజు రాసి టక్కుమనేదాకా నొక్కా. ఇది 12 వోల్టుల లైనే, హై వోల్టేజ్ ఉండే ఆరెంజ్ కేబుళ్ల జోలికి మాత్రం పోకండి. తర్వాత రెండు వానలు పడ్డాయి, ఇప్పుడు గోడ ఉంటేనే మోగుతోంది.