కారు పక్కకు లాగడం, టైర్లు అరగడం: ఇంటి దగ్గర అలైన్‌మెంట్ సరిచేసుకునే విధానం

సమస్య: తిన్నని రోడ్డు మీద కారు ఒక పక్కకు లాగుతుంది.

టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ) జోలికి వెళ్లే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. ముందు టైర్లలో గాలి తక్కువగా ఉన్న వైపుకే కారు లాగుతుంది. గాలి సమానంగా ఉంటే ముందు టైర్లను కుడి ఎడమలుగా మార్చి నడపండి. లాగే దిశ కూడా మారితే లోపం టైరుదే. కాసేపు నడిపాక ఒక చక్రమే బాగా వేడెక్కితే బ్రేకు పట్టేస్తుండవచ్చు. మన రోడ్లు వాన నీరు పోవడానికి అంచులకు వాలుగా ఉంటాయి కనుక, ఎడమ పక్కన నడిచే కారు కొద్దిగా ఎడమకు జారడం లోపం కాదు.

సమస్య: ముందు టైర్లు రెండూ ఒకే అంచున అరుగుతున్నాయి.

లోపలి అంచులు అరిగితే చాలావరకు టో ఔట్ (చక్రాల ముందు భాగాలు బయటికి తిరిగి ఉండడం), బయటి అంచులు అరిగితే టో ఇన్ (అవి లోపలికి తిరిగి ఉండడం) ఎక్కువైనట్టు. ముందుగా కారును జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపి చూడండి. టై రాడ్ ఎండ్ (రాడ్ చివర ఉండే కీలు) వదులైతే దాన్ని మార్చాలి; వదులు ఉండగా ఎంత సరిచేసినా కొలత నిలవదు.

తరువాత కారును దించి, సమతలంలో కొంచెం ముందుకు వెనక్కు నడిపి, స్టీరింగ్‌ను తిన్నగా కట్టేయాలి. రెండు పక్కలా ఇరుసు ఎత్తులో, ఒకదానికొకటి సమాంతరంగా దారాలు కట్టి, ముందు ఇరుసు దగ్గరా వెనక ఇరుసు దగ్గరా చక్రం మధ్య నుంచి దారానికి ఉన్న దూరం కుడి ఎడమల సమానంగా ఉండేలా జరపండి. ఓపిక అంతా ఇక్కడే కావాలి. రిమ్ము ముందు అంచు దారానికి వెనక అంచు కంటే దూరంగా ఉంటే అది టో ఇన్. 14 అంగుళాల రిమ్ము మీద 1 మిల్లీమీటరు తేడా సుమారు 0.15 డిగ్రీలు. లాక్ నట్ (రాడ్ తిరగకుండా బిగించే నట్) వదులు చేసి, రెండు టై రాడ్లనూ సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పుతూ మాన్యువల్‌లోని కొలతకు తేవాలి. టై రాడ్లు ఇరుసుకు వెనక ఉన్న కార్లలో రాడ్ పొడవు పెంచితే టో ఇన్ పెరుగుతుంది.

సమస్య: కారు తిన్నగా పోతుంది, స్టీరింగ్ మాత్రం వంకరగా ఉంటుంది.

రెండు రాడ్ల పొడవు సరిపోలలేదు. ఒకదాన్ని ఎంత పెంచితే రెండో దాన్ని అంతే తగ్గించండి. మొత్తం టో మారదు.

ఒక టైరే లోపల అరిగితే క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణం) లోపమో, గుంతలో పడి స్ట్రట్ (చక్రం దగ్గర కుదుపులను తట్టుకునే సస్పెన్షన్ భాగం) వంగడమో కావచ్చు. చాలా చిన్న కార్లలో క్యాంబర్ సర్దుబాటు ఉండదు కనుక ఆ పని వర్క్‌షాపుకే అప్పగించాలి.