జ్వరాలకన్నా ముందే లార్వా లెక్క

అంబర్‌పేటలో ఆశా కార్యకర్తగా చేస్తున్నాను. జ్వరాలు మాత్రమే రాసుకుంటే డెంగీ విషయంలో అప్పటికే ఆలస్యమైనట్టే. ముందు లార్వా, అంటే నీళ్లలో పెరిగే దోమ పిల్ల పురుగుల, లెక్క కావాలి.

వానలు మొదలవగానే వారానికోసారి అవే గల్లీలు తిరగండి. డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీ కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే అన్నీ చూడండి. ఆ ట్రేని చాలామంది మర్చిపోతారు. మొన్న ఒకింట్లో దాన్ని లాగి టార్చి వేస్తే, తలకిందులుగా వేలాడుతున్న పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. ఆ పక్కనే చాప మీద పాప నిద్రపోతోంది. నాకు గుండె ఝల్లుమంది.

50 ఇళ్లలో 6 ఇళ్లలో లార్వా దొరికితే హౌస్ ఇండెక్స్ 12 శాతం. లార్వా ఉన్న పాత్రలు 9 అయితే 100 ఇళ్లకు 18, అది బ్రెటో ఇండెక్స్. నేను రెండోదాన్నే ఎక్కువ నమ్ముతాను, ఒకే ఇంట్లో నాలుగు డ్రమ్ములున్నా అది పట్టిస్తుంది.

ఈ అంకెలు పుస్తకంలో రాసి, పక్క గడిలో ఆ వారం వాన, కొత్త జ్వరాలు రాయండి. లార్వా దోమయ్యి, దానికి వైరస్ ఎక్కి, అది కుట్టాక జ్వరం రావడానికి మళ్లీ 4 నుంచి 10 రోజులు. కాబట్టి ఈ వారం లార్వాని సుమారు మూడు వారాల తర్వాతి జ్వరాలతో పోల్చండి. లార్వా అంకె పెరిగితే మాత్రం జ్వరాలు వచ్చేదాకా ఆగొద్దు. ఆ రోజే డ్రమ్ములు ఒంపించి, లోపలి అంచులు పీచుతో రుద్దించండి, గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి.