చలిలో కయాకింగ్: వేళ్లు కొంకర్లు పోకముందే

చలికాలంలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఎక్కేవాళ్లలో చాలామందికి చేతులు గుర్తొచ్చేది వేళ్లు కొంకర్లు పోయాకే. నొప్పినైతే ఓర్చుకోవచ్చు, వేళ్లు మాట వినకపోతేనే ప్రమాదం. పడవలోకి నీళ్లు రాకుండా నడుముకు వేసుకుని, కూర్చునే చోటి అంచుకు బిగించే తొడుగే స్ప్రే స్కర్ట్. పడవ తిరగబడితే బయటపడటానికి దాని పట్టీ లాగాల్సింది ఆ వేళ్లే. బాగా చల్లటి నీళ్లలో పడ్డాక చేతులు సరిగ్గా పనిచేసేది సుమారు 10 నిమిషాలే అనుకుని సిద్ధపడండి.

ముందు ఒళ్లు వెచ్చగా ఉండాలి. ఛాతీ, పొట్ట చల్లబడితే గుండెను కాపాడుకోవడానికి శరీరం చేతులకు వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన గ్లవ్స్ వేసుకున్నా ఫలితం అంతంతమాత్రమే. నీటి చల్లదనాన్ని బట్టి వెట్‌సూట్ (తడిసినా ఒంటి వేడిని నిలిపే బిగుతు దుస్తులు) గానీ డ్రైసూట్ (నీళ్లు లోపలికి రానివ్వని దుస్తులు) గానీ వేసుకోండి, తలకు టోపీ పెట్టుకోండి. నూలు బట్టలు మాత్రం వద్దు, తడిస్తే చలిని ఇంకా పెంచుతాయి.

ఇక గ్లవ్స్. నియోప్రీన్‌వి (చలిని ఆపే మెత్తటి రబ్బరు లాంటి పదార్థంతో చేసినవి) తీసుకోండి. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, వదులైతే నీళ్లు చేరుతూనే ఉంటాయి. మందం పెరిగేకొద్దీ తెడ్డు మీద పట్టు తగ్గుతుంది, దాంతో తెలియకుండానే గట్టిగా బిగించి పట్టుకుంటాం, చేతులు త్వరగా అలసిపోతాయి. అందుకే నాకు పోగీలంటే ఇష్టం. ఇవి తెడ్డు కర్రకే తొడిగే తొడుగులు. లోపల చెయ్యి నేరుగా కర్రను పట్టుకుంటుంది, గాలి మాత్రం తగలదు. అయితే తెడ్డు వదిలి చెయ్యి బయటికి తీయగానే ఆ రక్షణ పోతుంది. కాబట్టి వాటితో పాటు గ్లవ్స్ కూడా పడవలో ఉండాలి. పోగీల్లోంచి చెయ్యి చటుక్కున లాగడం, మళ్లీ దూర్చడం ఒడ్డు దగ్గరే సాధన చేయండి. గ్లవ్స్ వేసుకుని స్కర్ట్ పట్టీ అందుకోగలరో లేదో కూడా అక్కడే చూసుకోండి.

తెడ్డు పైకెత్తినప్పుడల్లా నీళ్లు కర్ర మీదుగా కారి చేతుల్లోకి, చొక్కా చేతిలోకి దిగుతాయి. తెడ్డు రెక్కలకు దగ్గరగా డ్రిప్ రింగులు (కారే నీటిని ఆపడానికి కర్రకు తొడిగే రింగులు) ఉంటే చాలావరకు ఆగుతాయి. అరచేతిలో వేడి పుట్టించే ప్యాకెట్లను నమ్ముకోకండి, తడిస్తే అవి పనిచేయవు.

మధ్యమధ్యలో బొటనవేలిని చిటికెన వేలికి తాకించి చూడండి. తాకించలేకపోతే ఇంకాస్త దూరం వెళ్దామనుకోకుండా వెంటనే ఒడ్డుకు రండి. మొద్దుబారిన చేతులను రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి. తడి గ్లవ్స్ తీసి, తుడుచుకుని, చేతులను చంకల్లో పెట్టుకోండి. తిమ్మిరి పూర్తిగా పోయి వేళ్లు మామూలుగా వంగేదాకా మళ్లీ నీళ్లలోకి దిగకండి.