థార్ కొంటున్నారా? గేర్ల సంగతి ముందు తేల్చుకోండి

మహీంద్రా థార్‌లోనో మారుతి జిమ్నీలోనో ఆటోమేటిక్ తీసుకుంటే కొండ ఎక్కదు అనే మాట నమ్మకండి. ఈ రెండింట్లోనూ ఉన్నది టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్, అంటే ఇంజన్ శక్తి ఆయిల్ ద్వారా చక్రాలకు వెళ్తుంది కాబట్టి బండరాళ్ల మీద అంగుళం అంగుళం కదిలించినా బండి ఆగిపోదు, క్లచ్ కాలిన వాసనా రాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేనైతే ఇదే చెప్తాను.

మాన్యువల్ గొప్పదనం దిగేటప్పుడు తెలుస్తుంది. 4ఎల్‌లో (నాలుగు చక్రాలకీ శక్తి వెళ్తూ బండి బాగా నెమ్మదిగా కదిలే మోడ్) ఫస్ట్ గేర్ వేసి క్లచ్, బ్రేక్ రెండిటి మీద నుంచీ కాలు తీసేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్‌లో ఆ పట్టు కొంచెం తక్కువ, అందుకే డి (మామూలు డ్రైవ్) లో వదిలేయకుండా థార్ అయితే మాన్యువల్ మోడ్‌లో ఫస్ట్‌కి, జిమ్నీ అయితే ఎల్‌కి (లో గేర్) మార్చి దిగండి, అప్పుడప్పుడు బ్రేక్ కూడా వేయాల్సి వస్తుంది.

అసలు చిట్కా ఇది: మాన్యువల్ బండి నిట్టనిలువు ఎక్కుడులో ఆగిపోతే కంగారుపడి హాఫ్ క్లచ్‌తో ముందుకు లాగకండి. బ్రేక్ గట్టిగా తొక్కి, రివర్స్ వేసి, స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా వదిలేసి ఇంజన్ పట్టు మీదే నిటారుగా వెనక్కి దిగండి. న్యూట్రల్‌లో మాత్రం చచ్చినా దిగొద్దు. వాగు దాటేటప్పుడు కూడా అంతే, ఒడ్డునే గేర్ వేసుకోవాలి, నీళ్ల మధ్యలో క్లచ్ తొక్కకూడదు.

ఇంకోటి, అడవిలో బ్యాటరీ డౌన్ అయితే మాన్యువల్‌ని నలుగురు తోస్తే స్టార్ట్ అవుతుంది. ఆటోమేటిక్‌కి ఆ సౌకర్యం లేదు, జంపర్ కేబుల్ డిక్కీలో పడేసుకోండి.